వెదకి పట్టిన తప్పు

భివండీలో కోరా గుడ్డ కొనువాడు తాను విప్పి పరచి మొట్టమొదట చూచునది తప్పులను. పడుగు పోగు తెగి నిలువున సన్నని సందు పడినచోటు, పేక జంటగా పడినచోటు, నూనె మరక, నాడె చిక్కుకొని పోగులు తెగినచోటు - ఇవన్నియు లెక్కకు వచ్చును. ఆ లెక్కను బట్టి సరకు మొదటి రకమో రెండవ రకమో తేలును, ధర తేలును. అంతటితో ఆగదు. ఆ తాను నేసినవాని కూలిలో కోత పడుటయు, ఒక్కొక్కచోట వానికి పని పోవుటయు ఆ లెక్కనుండియే పుట్టుచున్నవి. కనుక తప్పులు లెక్కించుట వ్యాపార విషయము మాత్రమే కాదు, ధర్మ విషయము కూడ. లెక్క సరిగా ఉండియు తీర్పు తప్పగుట సాధ్యమా? సాధ్యమైనచో ఆ దోషము ఎవరిది? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులకు విడిచిపెట్టి ఊరకుండుటకు వీలులేదు. గద్దెపై కూర్చుండి బహీ వ్రాయించు ప్రతి శ్రావకునకును ఇది సంబంధించినదే.

ఠాణా జిల్లాలోని ఈ పట్టణము సంగతి మనవారికి క్రొత్త కాదు. 1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలై, మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడిన తరువాత నేతపని పెద్ద ఎత్తున ఇచటికి తరలినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు అంతకు ముందునుండియే వచ్చి స్థిరపడిరి. పద్మానగరులో నేటికిని వీధి వీధిన తెలుగు వినబడును. మరమగ్గమును వారు సాంచా యందురు. గుజరాతు, కచ్ఛము, మార్వాడములనుండి వచ్చిన జైన కుటుంబములు నూలు వ్యాపారమునను, కోరా గుడ్డ వ్యాపారమునను ఉన్నవి. సాంచా దగ్గర నిలుచువాడు ఒకడు, లెక్క వ్రాయువాడు మరియొకడు. లెక్కలో పొరపాటు జరిగినచో అది వ్రాసినవానికి తగులదు, నిలుచున్నవానికి తగులును. ఈ తేడాను మనస్సున ఉంచుకొని తక్కిన సంగతి చూడవలెను.

ఒక కార్ఖానాలో పగటి పాళీ, రాత్రి పాళీ కలిసి 24 మంది నేతగాండ్రున్నారనుకొందము. అందరిది ఒకే రకము గుడ్డ, ఒకే నూలు, ఒకే తీరు సాంచాలు. నెలకొకసారి ఒక్కొక్కని గుడ్డలో సమానమైన కొలత తీసి తప్పులు లెక్కించుదురు. చాలకాలముగా తేలిన సగటు 4. ఈ నెల ఒకని గుడ్డలో 9 తప్పులు కనబడినవి. మేతాజీ గణితము తెలిసినవాడు. సగటు 4 అయినచోట, ఎవరి లోపమును లేక యాదృచ్ఛికముగా 9 గాని అంతకు మించి గాని వచ్చుట సుమారు 47 సార్లలో ఒకసారి మాత్రమే యని అతడు లెక్క కట్టినాడు. 20లో ఒకటికంటె అరుదైనదానిని యాదృచ్ఛికమనరాదని లోకమున ఒక వాడుక కలదు. "సేఠ్, ఇది అదృష్టము మీద నెట్టవలసినది కాదు, వీని చేతిలోనే దోషమున్నది" అన్నాడు. నేతగాడు ఆ సాయంకాలమే లెక్క తీర్చుకొని వెళ్ళిపోయినాడు.

ఇందులో అబద్ధమెక్కడ? తప్పులు 9 అన్నది నిజము. 47లో ఒకటి అన్నదియు నిజము. కాని మేతాజీ ఒక్కని గుడ్డను చూడలేదు, 24 మంది గుడ్డలను చూచినాడు. 24 మందియు సమానమైన నేర్పు గలవారే అయినను, వారిలో ఎవడో ఒకడు 9కి చేరుట 100 నెలలలో 40 నెలలు జరుగును. అనగా ఏటికి సుమారు 5 నెలలలో ఏ దోషమును లేని ఒకని కూడు పోవును. చీటీలు వేసి ఒకనిని తీసివేసినను ఇదే జరుగును; చీటీలు వేసినవానికి మాత్రము తాను న్యాయము చేసితినను భ్రమ ఉండదు. పైగా, క్రొత్తవాడు వచ్చిన తరువాతి నెల తప్పులు మరల 4కు దిగును. అది చూచి సేఠ్ తన తీర్పు సరియైనదని సంతోషించును. పాతవాడు ఉన్నను అవి దిగియే ఉండెడివి. తప్పుడు తీర్పును ఋజువు చేయు సాక్ష్యము దానంతట అదే వచ్చి నిలుచుట ఈ విషయములో మిక్కిలి ప్రమాదకరమైన భాగము.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ఎందరిని పరీక్షించితిమో ఆ సంఖ్యచే హద్దును భాగింపవలెను. 20లో ఒకటి అను హద్దును 24 చేత భాగించిన 480లో ఒకటి యగును. అప్పుడు 9 తప్పులు చాలవు, 12 వచ్చిననే ఆలోచింపవలెను. ఆ హద్దును పాటించిన కార్ఖానాలో నిర్దోషి పట్టుబడుట 100 నెలలలో సుమారు 2 నెలలు మాత్రమే. ఈ భాగహారమునకు ఇటలీ గణితజ్ఞుడు బోన్‌ఫెరోని పేరు పెట్టినారు. 1936లో అతడు ప్రకటించిన అసమీకరణములు దీనికి మూలము. దీనిని పరీక్షల యందు వాడుటకు అనువుగా తీర్చినది 1961లో ఆలివ్ జీన్ డన్ అను అమెరికా విదుషి. 20లో ఒకటి అను వాడుకయో, ఇంగ్లండులో ఫిషర్ 1925లో వ్రాసిన గ్రంథమునుండి వ్యాపించినది. పొలములలో ఎరువుల పరీక్షలు చూచినవాడు ఫిషర్. ఆ అంకె ఏ ప్రకృతి నియమమును కాదు, ఒక మనిషికి సౌకర్యముగా తోచిన హద్దు. కలకత్తాలో మహలనోబిస్ వద్ద పెరిగిన ఎస్.ఎన్. రాయ్, ఆర్.సి. బోస్ 1953లో అనేక పోలికలకు ఒకేసారి పూచీపడు పద్ధతిని ప్రకటించిరి. ఆ సంస్థకే మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి.ఆర్. రావు 1941లో చేరి జగద్విఖ్యాతులైరి. 2023లో 102 ఏండ్ల వయస్సున పరమపదించిరి. ఇట్లు ఈ విద్యలో భారతీయుల చేయి మొదటినుండియు ఉన్నది.

మరి నేతగాండ్రను సగటుతో గాక ఒకరితో నొకరిని పోల్చినచో ఏమగును? 24 మందిలో జతలెన్ని యనునది ప్రశ్న. దీనికి సూత్రము చెప్పినవాడు జైనుడే. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమున ఎన్ని వస్తువులనుండి ఎన్నింటిని ఎన్ని విధముల ఎంచవచ్చునో సామాన్య సూత్రము నిచ్చినాడు. 11వ శతాబ్దమున పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. అందులోని జైన ప్రస్తావనల స్థానమున శైవ ప్రస్తావనలు చేర్చినాడు. అయినను లెక్క చెడలేదు, లెక్కకు మతము లేదు. ఆ సూత్రము ప్రకారము 24ను 23 చే గుణించి 2 చే భాగింపగా 276 జతలు. అందరును సమానులే అయినను, 20లో ఒకటి చొప్పున సుమారు 14 జతలలో "వీడు వానికంటె తక్కువ" అని లెక్క పలుకును. మేస్త్రీకి గిట్టని మనిషి ఆ 14 జతలలో ఎక్కడో ఒకచోట ఉండకపోడు. వెదకువానికి దొరకని తప్పు లేదని పెద్దలు ఊరకనే అనలేదు.

ఇక్కడ ఒక తాత్త్విక సంకటము ఉన్నది. దానిని దాటి పోరాదు. ఒకే గుడ్డ, అవే 9 తప్పులు. ఒక చిన్న ఆసామికి ఒకే నేతగాడు ఉన్నాడు. అతడు ఆ గుడ్డను చూచి "ఇది అరుదు, ఇందు ఏదో లోపమున్నది" అనవచ్చును. పెద్ద కార్ఖానా సేఠ్ అదే గుడ్డను చూచి "ఇది అరుదు కాదు" అనవలెనట. గుడ్డ మారలేదు, పోగు మారలేదు, నేసిన చేయి మారలేదు. పక్కన ఎవరిని చూచితిమను దానిని బట్టి ఈ గుడ్డను గూర్చిన సత్యము మారునా? అమెరికాలో కెన్నెత్ రోత్‌మన్ అను వైద్య గణకుడు 1990లో ఇట్టి ఆక్షేపణయే చేసి, ఈ సవరణలు అవసరము లేదని వాదించినాడు. అది త్రోసివేయదగిన వాదము కాదు. ఒకని గుణదోషములు పొరుగువారి సంఖ్యపై ఆధారపడవు.

అయినను ఈ సంకటమును విప్పు తాళపుచెవి మన ఇంటనే ఉన్నది. వస్తువు అనేక ధర్మములు గలది. ఏ మాటయైనను ఒక నయమున, ఒక అపేక్షలో చెప్పినదే గాని నిరపేక్షము కాదు. "47లో ఒకటి" అను మాటకు ముందు ఒక "స్యాత్" దాగియున్నది: ముందుగా పేరు చెప్పి ఈ ఒక్కనినే చూచినచో, అని. "10లో 4" అను మాటకు ముందు మరియొక "స్యాత్" ఉన్నది: 24 మందిని చూచి వారిలో అధముని ఏరినచో, అని. రెండును నిజములే. గుడ్డ మారలేదు, అడిగిన ప్రశ్న మారినది. చిన్న ఆసామి అడిగినది "ఇతడెట్టివాడు?" అని. పెద్ద సేఠ్ అడిగినది "వీరిలో అందరికంటె చెడ్డగా కనబడువాడెవడు?" అని, ఆ ప్రశ్నకు ప్రతి నెలయు ఎవడో ఒకడు జవాబుగా నిలువక తప్పదు. మొదటి ప్రశ్నకు తగిన జవాబును రెండవ ప్రశ్నకు అతికించుటయే దోషము. ఒక నయమున చెప్పినదానిని సర్వమని పట్టుకొన్న అది దుర్నయమగునని మనవారు చెప్పుటలో అర్థమిదియే. రోత్‌మన్ చెప్పినది మొదటి ప్రశ్నకు సరిపోవును. ఏరి తెచ్చి చూపినప్పుడు సరిపోదు.

ఈ సామ్యము భక్తిచేత కల్పించినది కాదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1954లో స్విట్జర్లాండు పత్రిక డయలెక్టికాలో గణాంక శాస్త్రపు పునాదులను జైన తర్కము దృష్టితో పరిశీలించి వ్యాసము వ్రాసినాడు. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ ఆ యేడే సాంఖ్య పత్రికలో స్యాద్వాదమును గూర్చి వ్రాసినాడు. అస్తి, నాస్తి, అవక్తవ్యము అను మూడింటిని ఒక్కొక్కటిగా 3, రెండేసిగా 3, మూడును కలిపి 1 - ఇట్లు ఏడు భంగములు వచ్చును. మహావీరాచార్యుని సూత్రమునకు ఇదియు ఒక చిన్న ఉదాహరణమే. ఆ ఇద్దరును జైనులు కారు. మన పిల్లలు వాణిజ్యము, కంప్యూటరు చదువుచు ఈ వ్యాసములున్నవని కూడ ఎరుగకపోవుట విచారకరము.

ఇక దోషము ఏ వ్రతమునకు తగులునను ప్రశ్న. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున శ్రావకుని అణువ్రతములలో ఒక్కొక్కదానికి ఐదేసి అతిచారములు చెప్పినాడు. సత్యాణువ్రతమున కూటలేఖక్రియ యొకటి - అబద్ధపు వ్రాత. మేతాజీ బహీలో అబద్ధపు అంకె ఒక్కటియు లేదు. కనుక పైకి ఇది తగులదు. అచౌర్యమునకు చెప్పిన అతిచారములు చూడుడు. హీనాధిక మానోన్మానము, అనగా కొనునప్పుడు ఒక కొలత, అమ్మునప్పుడు ఒక కొలత. ప్రతిరూపక వ్యవహారము, అనగా ఒకదానిని మరియొకదాని వేషమున అమ్ముట. ఒక వ్యాపారి తానును 20 చోట్ల పరీక్షించి, 19 చోట్ల నాసిగా ఉండి ఒకచోట మేలుగా ఉన్నచో, ఆ ఒక్క ముక్కను కత్తిరించి నమూనా పుస్తకమున అంటించెననుకొందము. ముక్క ఆ తానులోనిదే. అబద్ధము లేదు. అయినను దీనిని మోసమనని వ్యాపారి మన బజారులో ఒక్కడును ఉండడు. ఇరువది పరీక్షలు చేసి నెగ్గినదానిని మాత్రము ప్రకటించువాడు, మందు కంపెనీవాడైనను, పండితుడైనను, ఆ నమూనా పుస్తకమునే తయారుచేయుచున్నాడు. అధముడెవడని ఏరి, ఏరిన సంగతి చెప్పక, ఒక్కనినే చూచినట్టు అంకె చెప్పిన మేతాజీయు అంతే. ఒక ప్రశ్న వేషమున మరియొక ప్రశ్న జవాబు అమ్ముడుపోయినది. కావున ఇది మాటలోని అసత్యముకంటె కొలతలోని చౌర్యమునకు దగ్గర.

"అతనికి తెలియదు కదా, ఉద్దేశము లేదు కదా" యనవచ్చును. నిజమే, ఉద్దేశము లేనిది మహాపాపము కాదు. కాని హింసను నిర్వచించుచు ప్రమత్తయోగము అను పదము వాడుటలో మన ఆచార్యులు ఏమరుపాటును కూడ లెక్కలోనికి తెచ్చిరి. దీపము లేక రాత్రి నడుచువాడు చీమను చూడలేదనుట ఎట్టిదో, ఎందరిని చూచితినో లెక్కింపక ఒకని కూడు తీయుట అట్టిది. ఒకసారి ఈ లెక్క తెలిసిన తరువాత ఆ సాకు కూడ మిగులదు.

షేరు బజారులో ఇదే సంగతి బుద్ధిపూర్వకముగా జరుగును. 1024 మందికి జాబులు వ్రాసి, సగము మందికి ధర పెరుగునని, సగము మందికి తగ్గునని చెప్పి, ప్రతి వారము తప్పు జాబు అందినవారిని విడిచిపెట్టుచు పోయినచో, 5 వారముల తరువాత 32 మందికి ఐదు జోస్యములును నిజమై కనబడును. ఆ 32 మంది డబ్బు కట్టుదురు. తక్కిన 992 మంది సంగతి వారెరుగరు.

2009లో అమెరికా పరిశోధకులు కొందరు మెదడు పనిని చూపు యంత్రములో చనిపోయిన చేపను ఉంచి, దానికి మనుష్యుల చిత్రములు చూపి, వారి భావములను గుర్తింపుమని అడిగిరి. జైన పాఠకునకు ఈ ఉదాహరణము రుచింపదు, నిజమే. కాని చేప అంతకు ముందే చనిపోయినది, అందులో జీవము లేదనుటయే పరీక్ష సారము. లక్షకు మించిన చిన్న చిన్న భాగములను విడివిడిగా పరీక్షించుటచేత, ఆ మృత శరీరములో కొన్ని భాగములు "ఆలోచించుచున్నట్లు" తేలినది. పోలికల సంఖ్యకు తగిన సవరణ చేయగానే అవి మాయమైనవి. అజీవమునందు జీవమును చూపగల లెక్క, నిర్దోషియందు దోషమును చూపుట ఒక వింత కాదు.

ఇంతవరకు హద్దు పెంచుమని చెప్పుట సులభము. మరియొక వైపు చూడనిచో అదియు ఏకాంతవాదమే యగును. హద్దు 12 చేసినచో, నిజముగా చేయి చెడ్డవాడు, 7 తప్పుల సగటుతో నేయువాడు, నెలల తరబడి తప్పించుకొనును. ఆ సరకు కొన్నవానికి నష్టము, తక్కిన నేతగాండ్రకు చెడ్డపేరు. నిర్దోషిని పట్టుట ఒక దోషము, దోషిని విడుచుట మరియొక దోషము. ఒకదానిని అణచిన రెండవది లేచును. రెండింటిని ఒక్కసారిగా పోగొట్టు లెక్క లేదు, ఎక్కువ గుడ్డ పరీక్షించుట తప్ప. కనుక ఏ హద్దు పెట్టవలెననునది గణితము చెప్పదు. పట్టుబడినవానికి జరుగబోవునదేమో అడుగవలెను. జరుగబోవునది సాంచాకు నూనె వేసి చూచుటయే అయినచో 9 వద్దనే పట్టవచ్చును. పొరపడిన పోవునది ఒక పూట పని. జరుగబోవునది కూడు పోవుటయైనచో 12 కూడ ఎక్కువ కాదు. 1995లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు బెంజమిని, హోక్‌బర్గ్ చెప్పిన మధ్యేమార్గము ఒకటి కలదు: పట్టుబడినవారిలో నిర్దోషుల వంతు ఇంతకు మించరాదని హద్దు పెట్టుట. వేలకొలది వస్తువులను జల్లెడ పట్టువారికి అది మేలు. 24 మంది మనుష్యుల విషయమున దానిని వాడుట సమంజసముగా తోచదు. పట్టుబడిన నిర్దోషికి తానొక వంతు అని చెప్పిన ఊరట కలుగదు.

మరియొక చిక్కు మిగిలియున్నది. 24 అని ఎందుకు ఆగవలెను? ఏటికి 12 నెలలు, మొత్తము 288 పరీక్షలు. సేఠ్‌కు మూడు కార్ఖానాలున్నచో? ఊరిలోని సాంచాలన్నింటిని కలిపినచో ఏ హద్దును చాలదు, ఎవనిని ఏమియు అనుటకు వీలుండదు. ఈ గుంపు ఎక్కడ ముగియునో చెప్పు సూత్రము శాస్త్రజ్ఞులయందు కూడ ఏకగ్రీవముగా లేదు. న్యాయముగా తోచునది ఇది: ఏ రాశినుండి ఏరి తెచ్చి ఇతరుల ముందు పెట్టితిమో ఆ రాశి అంతయు లెక్కకు రావలెను. పొరుగు సేఠ్ సాంచాలనుండి ఏరలేదు గనుక అవి రావు. ఈ నెల పట్టుబడలేదు గాని పోయిన మూడు నెలలలో ఎవడు దొరకునా యని చూచుచునే యున్నచో ఆ మూడు నెలలును వచ్చును. ఆ సంఖ్య ఏరినవానికి తప్ప ఇతరులకు తెలియదు. అందుచేతనే దానిని గుడ్డ చూడకముందే బహీలో వ్రాసి పెట్టవలెను, చూచిన తరువాత కాదు: ఇన్ని గుడ్డలు చూడబోవుచున్నాము, ఇంత దాటిన అడుగుదుము, అని.

9 తప్పులు వచ్చిన మనిషి విషయమున చేయదగినది వేచియుండుట. మరుసటి నెల అతని పేరు ముందుగా వ్రాసి, అతని గుడ్డనే తీసి, ఏరుకొనుటకు మరియొకడు లేకుండ లెక్కింపవలెను. అప్పుడు మరల 9 వచ్చినచో, 47లో ఒకటి అన్న మేతాజీ మాటకు ఏ సవరణయు అక్కరలేదు. ఆ నడిమి నెలలో కూలి కోయక, జాబరును పిలిచి ఆ సాంచా నాడెపెట్టెను, పన్నెను, పడుగు సైజింగును చూపించవచ్చును. తప్పులు చేతివి గాక ఇనుమువి యని తేలిన సందర్భములు ఏ కార్ఖానాకును క్రొత్త కావు.